నూట పాతిక దెబ్బలు

నిండాక చెప్పమంది నర్సు. లీటరు సీసా చేతిలో పెట్టి, ఇదంతా తాగి ఇంకో అరలీటరు కూడా తాగాలి, పొట్ట బిగిసేదాకా ఆపుకోవాలి, మధ్యలో బాత్రూముకి వెళ్లారంటే మళ్లీ మొదటికొస్తుంది, గంటైనా పడుతుంది అని చెప్పి పరదా వెనక్కి వెళ్లిపోయింది. నీళ్లు నిండుగా ఉంటేనే లోపలున్నది స్కానింగు తెర మీద కనపడుతుందట. లోపలున్నది అని ఎంత తేలిగ్గా అందో. ఉందో లేదో తెలియకే కదా పొద్దున్నే చిలకలూరిపేటలో బస్సెక్కి గుంటూరు కొత్తపేట దాకా వచ్చింది. మొదటి గుక్క తాగి సీసా దించాను. పక్క కుర్చీలో మా అత్త లాల్‌బీ చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, "మందనుకుని తాగవే నగ్మా" అంటోంది. తాగుతున్నాను. నిన్న పొద్దున లంగా మీద కుంకుడుగింజంత మరక. సాయంత్రం ఇంకొకటి, కాస్త పెద్దది. ఇది పదకొండో వారం. పెళ్లయిన ఆరేళ్లకి పండిన కడుపు. బయట రోడ్డు మీద మిరపకాయల లారీలు యార్డుకి పోతున్నాయి. ఘాటు కిటికీల్లోంచి లోపలికి కొడుతుంటే హాల్లో కూర్చున్న ఆడవాళ్లందరూ చెంగులు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. నాకు తుమ్మొస్తోంది. తుమ్మకూడదు. తుమ్మితే ఏం జారిపోతుందోనని ముక్కు రెండు వేళ్లతో నొక్కి పట్టుకున్నాను. పన్నెండు రోజుల కిందట భుజం మీద నూట పాతిక తుపాకి దెబ్బలు తిన్నదాన్ని, ఇవాళ తుమ్ముకి భయపడుతున్నాను.

నూట పాతిక అన్నది ఊరికే అనడం లేదు. నిన్నటి నుంచి లెక్కపెడుతూనే ఉన్నాను. పోటీ ముందురోజు సాధనకి పాతిక, పోటీలో మూడు విడతలుగా డెబ్బై అయిదు, ఫైనల్లో పాతిక. పన్నెండు బోరు తుపాకి గుండ్లని ఎంత విసురుగా ముందుకి తోస్తుందో, పట్టుకున్న మనిషిని అంత విసురుగా వెనక్కి తంతుంది. కొత్తవాళ్లయితే ఒక్క దెబ్బకే దవడ పట్టుకుని కూర్చుంటారు. నాకు తొమ్మిదేళ్ల అలవాటు. దెబ్బ తగిలిందన్న సంగతి సాయంత్రం చొక్కా విప్పితే గానీ తెలియదు. నాకు అలవాటు, సరే. దానికి అలవాటా? నిమ్మకాయంత కూడా లేనిదానికి? ఆ దెబ్బ భుజం దగ్గరే ఆగుతుందా, ఎముకల్లోంచి కిందికి దిగుతుందా, దిగితే ఎందాకా దిగుతుంది? ఈ ప్రశ్న ఎవర్ని అడగాలి? డాక్టర్ని అడగాలంటే ముందు నేనేం చేసొచ్చానో చెప్పాలి. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది. తాగు, తాగు. సీసా ఇంకా సగం కూడా కాలేదు.

స్కీట్ అంటే మా వాళ్లలో ఎవరికీ తెలియదు, నేనే ఇప్పటికి వందసార్లు చెప్పుంటాను. ఎడమ చేతివైపు ఎత్తుగా ఒక గది, కుడి చేతివైపు పొట్టిగా ఒక గది. వాటిల్లోంచి సాసరంత బిళ్లలు గాల్లోకి దూసుకొస్తాయి. మేం మట్టి పిట్టలంటాం. అర్ధచంద్రంలా గీసిన గీత మీద ఒక చోటు తర్వాత ఒక చోట నిలబడి, ఎనిమిది చోట్ల నుంచి కాల్చాలి. తుపాకి మడమ, అంటే భుజానికి ఆనే కర్ర చివర, నడుము దగ్గర ఆనించి నిలబడి "పుల్" అని కేకెయ్యాలి. కేకెయ్యగానే పిట్ట రావచ్చు, రాకపోవచ్చు, మూడు సెకన్లలోపు ఎప్పుడైనా రావచ్చు. వచ్చి కంటికి కనపడేదాకా తుపాకి నడుము మీంచి లేవకూడదు. లేచిందా, తప్పు. ఆ మూడు సెకన్లలో ఉండేదంతా భయమే. నన్ను చూసినవాళ్లు అబ్బో ధైర్యస్తురాలు అంటారు గానీ, నేను తొమ్మిదేళ్లుగా మూడేసి సెకన్ల చొప్పున భయపడుతూ బతికినదాన్ని. నాకు కాల్చడం నేర్పిన మా సారు ఒకసారి అన్నారు, "భయం ఉండనీ అమ్మా, కాళ్లలోకి మాత్రం దిగనివ్వకు" అని. ఇవాళ కాళ్లలోకి దిగింది. కుర్చీ కింద పాదాలు రెండూ వాటంతటవే ఆడుతున్నాయి. నడుము దగ్గర ఆనించి అన్నానా? అవును, నడుము దగ్గరే, కుడి పక్కన, తుంటి ఎముక మీద. నూట పాతికసార్లు ఆ కర్ర మడమ అక్కడ ఆని, అక్కడి నుంచే లేచింది. ఇప్పుడు నొప్పి కూడా అటువైపే ఉన్నట్టుంది. ఉందా, నేను అనుకోవడం వల్ల వస్తోందా?

"బీపీ చూడాలి, చెయ్యి ఇటివ్వండి" అంటూ నర్సు వచ్చింది. నేను ఎడమ చెయ్యి చాపాను. అటు గోడ అడ్డమొస్తోందని కుడి చెయ్యి అడిగింది. జాకెట్టు చెయ్యి పైకి జరిపేసరికి మచ్చ బయటపడింది, నల్లటిది కాస్తా పచ్చబడి భుజం మీంచి చంక దాకా పాకి ఉంది. నర్సు నా మొహంలోకి చూసి గొంతు తగ్గించింది. "ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటారా అండీ? భయపడకుండా చెప్పండి." మా ఆయన సుభానీ పత్తి బేళ్ల లారీ వేసుకుని కోయంబత్తూరు వెళ్లాడు, ఈ మరకల సంగతి కూడా ఆయనకి తెలియదు, చీమకి కూడా అపకారం చెయ్యని మనిషి మీద ఈ నింద పడేట్టుంది. అత్తే అందుకుంది. "మా అబ్బాయి అట్టాంటోడు కాదమ్మా. మిరపకాయల టిక్కీ బస్తా ఎత్తబోతే జారి తగిలింది." నర్సు అత్త మీద విరుచుకుపడింది. "కడుపుతో ఉన్న పిల్లతో టిక్కీలు ఎత్తించారా? పెద్దవాళ్లు, మీకు తెలియదా?" మా అత్త ఎవరి మాటా పడే మనిషి కాదు, పేట బస్టాండులో కండక్టరు చిల్లర లేదంటే బస్సాపి మరీ పోట్లాడే మనిషి. తల దించుకుంది. ఆ తల దించుకోవడం చూసి నాకు ఇంకా భయమేసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంటూనే ఉన్నాను, ఎంత లాగినా మచ్చ కనపడుతున్నట్టే ఉంది.

నీళ్లకి ప్లాస్టిక్కు వాసన. హైదరాబాదులో పోటీ మైదానం దగ్గరి కుళాయి నీళ్లకి తుప్పు వాసన. మా ఊళ్లో మా నాన్న బుడాన్ పరుపులు కుట్టే వరండాలో కుండనీళ్ల మీద ఎప్పుడూ దూది పొర తేలుతుండేది. మేం దూదేకులవాళ్లం. నాన్న విల్లు మీటుతుంటే ఆ చప్పుడు వీధి చివరిదాకా వినపడేది, దూది మబ్బులా లేచి మా రెప్పలకంటుకునేది. గుంటూరు కాలేజీలో నేను ఎన్‌సీసీలో చేరి తుపాకి పట్టానని తెలిసి చుట్టాలంతా నోళ్లు నొక్కుకుంటే నాన్న ఒక్కడే నవ్వాడు. "మన చేతిలో విల్లు తరతరాలుగా ఉన్నదేగా, ఇదీ అట్టాంటిదే." అక్కడే లక్ష్మీనరసింహం సారు నన్ను చూశారు. సైన్యంలో చేసి వచ్చిన మనిషి, జంధ్యం వేసుకుని, ఉల్లిపాయ కూడా ముట్టరు. మీరు కాల్చడం నేర్పడమేంటండీ అని ఎవరైనా వేళాకోళం చేస్తే, "మట్టికి ప్రాణం లేదు కదండీ, పాపం అంటదు" అనేవారు. పత్తి కట్టె పీకేసిన చేలో నన్ను నిలబెట్టి, కుమ్మరి దగ్గర కొన్న మూకుళ్లు గట్టు మీంచి ఆయనే విసిరేవారు. ఒక జిన్నింగు మిల్లు ఆసామి తుపాకి ఇప్పించాడు, తూటాలు ఇప్పించాడు. పక్క మిరపచేలో కూలీలు కాయ కొయ్యడం ఆపి చూసేవాళ్లు. మూకుడు గాల్లో ముక్కలైతే ఈలలు, తప్పితే "పోయిందిరోయ్, కూరొండుకోండి" అని ఎగతాళి. తొంభై ఎనిమిదిలో రాష్ట్రానికి ఫస్టు వచ్చాను. రెండువేల ఒకటిలో, రెండులో దేశానికి ఫస్టు. పోయినేడాది ఒక్క పిట్టతో పోయింది. ఆ ఒక్క పిట్ట నా కళ్లల్లో ఏడాదంతా తిరిగింది. దానికి దుమ్ము లేచింది, ముక్క ఊడలేదు. ముక్క ఊడకపోతే పిట్ట పడనట్టే లెక్క, దుమ్ము చాలదు. ఈ ఏడు ఎట్లాగైనా గెలవాలని నేను ఎంత కోరుకున్నానో అల్లాకి తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియకూడదు.

ఎందుకంటే నేను మానేసి ఉండొచ్చు. అదే అసలు సంగతి. అయిదు వారాల కిందట పరీక్ష పట్టీ మీద రెండు గీతలు కనపడ్డప్పుడు అత్త నా నెత్తి మీద చేతులు పెట్టి మెటికలు విరిచింది, వెంటనే వంటింటి తలుపేసి గుసగుసగా అంది, "మూడో నెల నిండేదాకా ఈ మాట గడప దాటకూడదు. మీ అమ్మకి కూడా చెప్పబాక. దిష్టి పొల్లు పోదు." మా ఇళ్లల్లో అంతే, మూడు నెలలు నిండేదాకా కడుపు సంగతి దొంగసొమ్ములా దాచుకుంటాం. పక్కింటి మదార్‌బీ నోట్లో నువ్వుగింజ నానదు, పైగా తుపాకి పట్టిన చేతికి ఉయ్యాల తాడు అందుద్దా అని నా వెనకాల అన్న మనిషి. సరే అన్నాను. తర్వాత, "మరి పోటీ ఉందిగా అత్తా" అన్నాను. అత్త తలుపు గడియ మళ్లీ చూసొచ్చింది. "మానేస్తే ఎందుకు మానేసిందని అడగరూ? జొరమంటే మీ సారు డాక్టర్ని ఎంటబెట్టుకుని ఇంటికే వస్తాడు. పేపరోళ్లు రాస్తారు. ఊరంతా ఊహించేస్తారు. ఎళ్లిరా. మట్టి పిట్టల్ని కొట్టి రావటమేగా." ఆమె ఎప్పుడూ మైదానానికి రాలేదు. తుపాకి పేలగా చూడలేదు. అది వెనక్కి తంతుందని ఆమెకి తెలియదు. నాకు తెలుసు. నేను నోరు విప్పి, అత్తా, అది గాడిద తన్నినట్టు తంతుంది, కడుపుతో ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు అని ఒక్క మాట అంటే ఆమె నన్ను గడప దాటనిచ్చేది కాదు. అనలేదు. పెద్దావిడే వెళ్లమంది కదా అని మనసులో ఆమె మాట వెనక దాక్కున్నాను. ఇప్పుడు బిడ్డ పోయి ఉంటే ఆమె పంపినందుకు పోయినట్టా, నేను వెళ్లినందుకు పోయినట్టా? ఛీ, పోయి ఉంటే అనకూడదు. పై దేవతలు తథాస్తు అంటారని సారు వాళ్లావిడ అంటుంటుంది. మనకి ఆ దేవతలు ఉన్నారో లేదో గానీ, అనకూడదు. సీసా అయిపోయింది. అత్త ఇంకో సీసా మూత తిప్పి ఇచ్చింది.

తూటాలు తక్కువున్నాయని అంతకుముందు నెలంతా ఉత్త తుపాకితోనే సాధన చేశాను, మిద్దె మీద గోడకెదురుగా నిలబడి ఎత్తడం, దించడం, అంతే. ఒక్క తూటా కాల్చలేదు. అందుకే ఆ నూట పాతికే నా లెక్క, దానికి ముందూ లేదు, తర్వాతా లేదు. ఫైనల్ రోజు పొద్దున్నుంచే వికారం. నాలుగో చోటు దాటాక పొట్టి గది వెనక్కి పోయి కక్కుకున్నాను. సారు నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. "రాత్రి హోటల్ పులిహోర పడలేదా అమ్మా? పోనీ ఆపేద్దామా, ప్రాణం కంటే ఎక్కువా?" అని ఆయన అన్నప్పుడు, కళ్లజోడులోంచి ఆ పెద్దాయన కళ్లు నా కోసం అంత కంగారుగా చూస్తున్నప్పుడు, చెప్పేద్దామనుకున్నాను. నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే తుపాకి లాక్కుని కార్లో వేసేవారు. "పడలేదండి, తగ్గిపోయింది" అన్నాను. చివరికి ఎనిమిదో చోటు. అది రెండు గదులకీ నట్టనడుమ ఉంటుంది, పిట్ట నెత్తి మీద నుంచే పోతుంది, కనురెప్ప వేసేలోపు కొట్టాలి. రెండో అమ్మాయి కంటే నేను ఒక్కటి ముందున్నాను. పడితే నేను, నాది తప్పి తనది పడితే మళ్లీ ఇద్దరమూ కాల్చాలి, మళ్లీ దెబ్బలు. అప్పుడు నేను కడుపులోని దాంతో మాట్లాడాను. అదే మొదటిసారి మాట్లాడటం. ఒక్కటే రా, ఇంకొక్కటే, గట్టిగా పట్టుకో అన్నాను. పుల్ అన్నాను. మూడు సెకన్లూ పట్టింది. పిట్ట పొడి పొడైంది, నారింజరంగు ముక్కలు నా టోపీ మీద పడ్డాయి. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాను. ఫోటోలో కూడా అట్లాగే పడ్డాను, ఒక చేతిలో తుపాకి, ఒక చెయ్యి కడుపు మీద. పేపర్లో ఆ ఫోటో చూసి అత్త, "చెయ్యి అక్కడెందుకు పెట్టావే, కనిపెడతారు" అంది. పతకం బియ్యం డబ్బాలో ఉంది.

బిగిసింది. ఇంక గుక్క పట్టదు. పొట్ట కింద రాయి కట్టినట్టుంది, చెప్పాలి, నిండిందని చెప్పాలి. చెబితే లోపలికి రమ్మంటారు, లోపలికి వెళ్తే తెలిసిపోతుంది. తెలియనంతసేపూ ఉన్నట్టే కదా. ఇంకో అయిదు నిమిషాలు ఉండనీ. గోడ మీద బోర్డు ఉంది, ఇచ్చట ఆడ, మగ అని చెప్పబడదు అని. ఏదైనా ఒకటే, నాకేం వద్దు, ఉంటే చాలు. ఉంటే తుపాకి ముట్టను అని మొక్కుకుందామనుకున్నాను, నోట్లో మాట ఆగింది. ఒక ఏడాది ముట్టను అన్నాను. వెంటనే సిగ్గేసింది, బిడ్డ ప్రాణం అడుగుతూ బేరమాడుతున్నాను. నాలాంటిదానికి ఎందుకిస్తాడు? రెండేళ్లు. సరే, అసలు ముట్టను. మొక్కులో కూడా నేను అబద్ధం ఆడుతున్నానేమోనని భయం. "నిండిందా?" అంది అత్త. తలూపాను.

లోపల చీకటిగా, చల్లగా ఉంది. డాక్టరమ్మ పెద్దావిడే, మెత్తటి గొంతు. చల్లటి జిగురు పొట్ట మీద రాసి దాని మీద పరికరం నొక్కితే నీళ్లన్నీ ఒక్కసారి బయటికి వచ్చేస్తాయనిపించి పళ్లు బిగబట్టాను. అత్త నా తల దగ్గర నిలబడింది. "చివరిసారి ముట్టు ఎప్పుడమ్మా?" తేదీ చెప్పాను. ఆవిడ ఇంకేం అడగలేదు. అడుగుతుందనుకున్న ప్రశ్న, ఏం పని చేస్తుంటావు, బరువులెత్తావా, దెబ్బలు తగిలాయా, ఏదీ అడగలేదు. పరికరం అటు జరిగింది, ఇటు జరిగింది, ఒకచోట చాలాసేపు ఆగింది. ఆవిడ తెరని కొంచెం తన వైపుకి తిప్పుకుంది. అప్పుడే నాకు తెలిసింది. అయినా ఆవిడ నోటితో అనేదాకా తెలియనట్టే పడుకున్నాను.

"గుండె కొట్టుకోవడం లేదమ్మా" అంది. నా మోచెయ్యి మీద చెయ్యి వేసింది. "నిన్న మొన్న అయింది కాదు. ఏడో వారం దగ్గరే పెరగడం ఆగిపోయింది. మొదటి నెలల్లో చాలామందికి ఇట్లా అవుతుంది. ఇందులో నీ తప్పేం లేదు."

నీ తప్పేం లేదు అనడం వాళ్లకి అలవాటు. వచ్చినవాళ్లందరికీ అంటారు. నేను వేళ్ల మీద లెక్క మొదలుపెట్టాను, పదకొండులోంచి ఏడు, నాలుగు కాదు, మూడున్నర, మరి హైదరాబాదు ఏ వారం, భయంతో చిన్న కూడిక కూడా రావడం లేదు, వేళ్లు తప్పిపోతున్నాయి. తల పైనుంచి అత్త గొంతు వినిపించింది. బస్టాండులో మోగే గొంతు కాదు. "ఏడో వారమంటే ఎప్పటి మాటమ్మా? హైదరాబాదు పోకముందా, పోయొచ్చాకా?"

అంటే ఈమె కూడా లెక్కపెడుతోంది. నిన్నటి నుంచి, బస్సులో, బయట కుర్చీలో, నేను ఒక సీసా తాగి రెండోది తాగుతున్నంతసేపూ. తుపాకి తంతుందని ఈమెకి ఎవరు చెప్పారు? నా భుజం చెప్పి ఉంటుంది. డాక్టరమ్మకి అర్థం కాలేదు. "హైదరాబాదు ఎప్పుడెళ్లారు?" అని అడిగింది. "పన్నెండు రోజులైంది" అన్నాం ఇద్దరం ఒకేసారి. ఆవిడ మా ఇద్దర్నీ ఒక క్షణం చూసి, "అయితే ముందే. అప్పటికి పది రోజుల పైనే అయి ఉంటుంది" అంది.

ముందే. నేను తుపాకిలో తూటా పెట్టకముందే. నూట పాతికలో ఒక్కటి కూడా దానికి తగల్లేదు. నేను కాదు. ఏడుపు వస్తుందని చూశాను, రాలేదు. వచ్చింది ఊపిరి, రెండు రోజులుగా ఎక్కడో ఇరుక్కున్న ఊపిరి ఒక్కసారిగా వదులైంది, ఒళ్లంతా తేలికైంది, హాయిగా ఉంది. బిడ్డ లేదని చెప్పి ఇంకా నిమిషం కాలేదు, నాకు హాయిగా ఉంది. ఈ హాయి డాక్టరమ్మకి నా మొహంలో కనపడుతుందేమోనని గోడ వైపు తిరిగాను. అత్త నా చెయ్యి వెతికి పట్టుకుంది, ఆమె అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. "ముందేగా. పోన్లే, మంచిదే" అన్న మాట ఆ గదిలో పైకి వినపడింది. డాక్టరమ్మ జిగురు తుడుస్తున్న చెయ్యి ఆపి తలెత్తింది. నేను రెండో చేత్తో నోరు మూసుకున్నాను. అత్త చెంగు నోట్లో కుక్కుకోవడం చూశాక గానీ, ఆ మాట అన్నది నేను కాదని తెలియలేదు.